పదో తరగతికి ముందే పదవీ విరమణ

ఆ ఏడు ఎండాకాలంలో ప్రభుత్వం వారికి హైస్కూలు పిల్లల మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుడితే ప్రభుత్వం ఊరుకోదు, పథకం పెడుతుంది. పథకం పేరు ‘భావి సాంకేతిక శిల్పి’. తొమ్మిదో తరగతి పూర్తయిన పిల్లలు సెలవుల్లో ఎండన పడి తిరగకుండా ప్రభుత్వ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. పనికొచ్చే వస్తువు ఏదో ఒకటి సొంతంగా తయారుచేయాలి. చేసినందుకు స్టైపెండు పుచ్చుకోవాలి. చదివితే వేలుపెట్టి చూపడానికి తప్పేమీ కనిపించదు. రాజధానిలో పుట్టే ప్రతి పథకమూ అక్కడున్నంతసేపు ఇంతే ముచ్చటగా ఉంటుంది, జిల్లాకు దిగాకే అసలు రంగు బయటపడుతుంది.

జిల్లా సాంకేతిక వికాస సంస్థలో ఈ భాగ్యానికి ఎంపికైన పిల్లల్లో కెజియా ఒకతె. బస్టాండు ఎదుట ఇడ్లీ బండి నడిపే సుగుణమ్మ కూతురు. వాళ్ళ వీధి కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో వదిలే మున్సిపాలిటీకే తెలియదు. ఒకరోజు పొద్దున వస్తాయి, ఒకరోజు మిట్టమధ్యాహ్నం. సుగుణమ్మ బండి దగ్గరుంటే కుళాయి దగ్గర ఎవరూ ఉండరు. కుళాయికి కాపలా కూర్చుంటే బండి మూతపడుతుంది. నీళ్ళు పట్టుకోలేని రోజున పిండి రుబ్బడానికీ గిన్నెలు కడగడానికీ ట్యాంకరువాణ్ణి బతిమాలుకోవాలి. నీళ్ళొచ్చే టైమైనా చెప్పండి బాబూ అని ఆవిడ మున్సిపల్ ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా ఆవిడను దాటి వెనక గోడతో మాట్లాడుతున్నట్టు ముఖం పెట్టి, “పరిశీలనలో ఉందమ్మా” అన్నాడు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే ముఖం, అదే మాట.

కెజియా దీనికో ఉపాయం కనిపెట్టింది. కుళాయి మూతికి రెండు వైర్లు కట్టి, నీళ్ళు తగలగానే బజర్ మోగేలా చేసింది. బాగానే మోగింది. కాకపోతే ఇంట్లో మోగితే బస్టాండులో ఉన్న అమ్మకు వినపడదు. నీళ్ళు తగలగానే ఫోనుకు కబురు పంపే చిన్న బోర్డు ఒకటి దొరికితే ఆ లోటు తీరిపోతుంది. అలాంటి బోర్డులు సంస్థ ల్యాబులో ఉన్నాయని సైన్సు టీచరు చెప్పింది.

“బండి కాడ నాకు సాయంగా ఉంటావనుకుంటే ఆఫీసుకు పోతానంటావేందే?” అంది సుగుణమ్మ.

“ఆ బోర్డు దొరికితే నీళ్ళు రాగానే నీ ఫోను మోగిద్దమ్మా. ఇంక కుళాయి కాడ కాపలా ఉండబళ్ళేదు.”

“నిజంగా మోగిద్దా?”

“మోగిద్ది.”

“అయితే పో. ప్లేట్లు నేనే కడుక్కుంటాలే.”

మొదటిరోజు డైరెక్టరు కోదండపాణి గారు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి ఉపన్యసించారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుందని చెప్పుకుంటారు.

“మీరు కేవలం బాలబాలికలు కారు. రేపటి వ్యవస్థకు మూలస్తంభాలు. ఈ ప్రాంగణంలో మీ సృజనాత్మకతకు హద్దులు లేవు. అయితే హద్దులు లేని సృజనాత్మకతకు కూడా కొన్ని విధివిధానాలు ఉంటాయి. వాటిని సూపరింటెండెంటు గారు విశదీకరిస్తారు.”

కెజియా సగమే విన్నది. హాలు పక్కనే అద్దాల తలుపు, తలుపు వెనక ల్యాబు, ల్యాబులో అద్దాల బీరువా, బీరువా మధ్య అరలో ఆ బోర్డు. పచ్చటి బోర్డు, అగ్గిపెట్టెంత. పిల్ల కళ్ళు దానికే అతుక్కుపోయాయి.

మర్నాడే ల్యాబు తెరిచేవారేమో. ఈలోగా ట్రెజరీ నుంచి స్టైపెండు బిల్లు తిరిగి వచ్చింది. ‘ఇంటర్న్ అను తరగతి ఉద్యోగులు మా కంప్యూటరులో లేరు. ఉద్యోగి కాని వ్యక్తికి ప్రతినెలా చెల్లింపు చేయుటకు వీలుపడదు’ అని దాని మీద రాసి ఉంది.

సూపరింటెండెంటు నాంచారయ్య గారు సర్వీసు రూల్స్ నమిలి మింగినవారు. ఆయన క్షణంలో పరిష్కారం చెప్పారు.

“ఇందులో ఏముంది సార్? ఉద్యోగులు కాకపోతేనేగా డబ్బులివ్వరు. ఉద్యోగుల్ని చేసేద్దాం. జూనియర్ అసిస్టెంట్లుగా ఎక్కిచ్చేస్తా.”

ఎక్కించారు. కంప్యూటరు చేరిన తేదీ అడిగింది, ఇచ్చారు. రిటైరయ్యే తేదీ అడిగింది. ఖాళీ వదిలితే ఎర్రగా అరిచింది. అందుకని సెలవులు ముగిసే ముందు ఒక తేదీ వేశారు. కంప్యూటరు శాంతించింది. ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. కోదండపాణి గారు ఆగలేదు. ఉద్యోగి అన్నాక సర్వీసుండాలి, సర్వీసన్నాక ప్రొబేషను, ఇంక్రిమెంట్లు, బదిలీలు, ప్రమోషన్లు, క్రమశిక్షణ చర్యలు అన్నీ ఉండాలి, లేకపోతే ఆడిట్ వారు ఊరుకోరు. పిల్లలకు ఇవేమీ అందకుండా చేయడం వారి హక్కులకు భంగం. ఆయన ఒక సర్క్యులర్ జారీ చేశారు: ‘ముప్పది సంవత్సరముల సర్వీసును ఒక వేసవిలోనికి దామాషా ప్రకారం కుదించడమైనది.’

దామాషా అంటే దామాషానే. ఇంక్రిమెంటు ప్రతి సోమవారం పడేది. బదిలీ మూడు రోజులకోసారి. క్యాజువల్ లీవు లెక్కగడితే గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చేంత తేలింది, దానికీ ముందుగా అనుమతి కావాలి. పుట్టినతేదీల ప్రకారం సీనియారిటీ జాబితా తయారైంది. అందరికన్నా నాలుగు రోజులు పెద్దవాడైన ఫయాజ్, కెజియా క్లాసులోనే చదివే కుర్రాడు, మర్నాటి నుంచి నిండుచేతుల చొక్కా తొడుక్కుని జేబులో రెండు పెన్నులు పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు.

కెజియా నేరుగా నాంచారయ్య గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

“సార్, ఆ బోర్డు ఒకటి ఇస్తారా?”

“ఇవ్వకపోటానికేముంది తల్లీ, మీ కోసమేగా కొనింది. ఇండెంటు పెట్టు.”

‘ఫలానా సామాను కావాలి’ అనే ఆ కాగితాన్ని పిల్ల బల్ల అంచునే పెట్టుకుని రాసి ఇచ్చింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, దిగులుగా చూశారు.

“నువ్వింకా ప్రొబేషన్‌లో ఉంటివే. ప్రొబేషన్‌లో ఉన్నోళ్ళకి స్టోర్సు సామాను ఇవ్వకూడదు. పగలగొడితే రికవరీ ఎక్కడ పెట్టాలి?”

“ప్రొబేషన్ ఎప్పుడైపోయిద్ది సార్?”

“ఏదైనా వస్తువు తయారుచేసి చూపిస్తే అయిపోయిద్ది.”

“బోర్డు లేకుండా ఎట్టా తయారుచేయాలి సార్?”

“అది టెక్నికల్ మేటర్ తల్లీ. నాది ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు.”

ఆయన దుర్మార్గుడేమీ కాదు. సొరుగులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి పిల్ల చేతిలో పెట్టారు. ఇండెంటును పారెయ్యలేదు కూడా, దారం కట్టి పైకి పంపారు. అలాంటి కాగితాన్ని చంపడం ఎవరికీ ఇష్టం ఉండదు, నడిపిస్తూ ఉంటారు.

ఆ వారమే కెజియాకు బదిలీ అయింది. ఫ్యాను కింది బల్ల నుంచి కిటికీ పక్క బల్లకు. రిలీవింగ్ ఆర్డర్ వచ్చేదాకా లేవకూడదు. లేచాక జాయినింగ్ రిపోర్టు ఇచ్చేదాకా కూర్చోకూడదు. నడుమ కాసేపు ఆ పిల్ల రెండు బల్లల మధ్య, ఏ సీటుకూ చెందకుండా, సంచీ పట్టుకుని నిలబడింది. ఆ కాసేపూ ఆమె ఎక్కడ పనిచేస్తున్నట్టో రాజధానికి రాసి అడిగారు.

బదిలీల వల్ల ఫ్యాను దూరమైన పిల్లలంతా ఒక్కటయ్యారు. ఫయాజ్ సంఘం పెట్టాడు. నల్ల బ్యాడ్జీలు కట్టారు. “ఫ్యాను మా జన్మహక్కు” అని మెట్ల మీద నినాదాలు చేశారు. కోదండపాణి గారు కోప్పడతారని అందరూ అనుకుంటే, ఆయన ముఖం వెలిగిపోయింది. పిల్లలు ఇంత తొందరగా ఎదుగుతారని ఆయన అనుకోలేదు. చర్చలకు పిలిచి, ఫ్యాను డిమాండును ‘సూత్రప్రాయంగా’ అంగీకరించారు. పిల్లలు ఈలలు వేసుకుంటూ బయటికొచ్చారు. ఫ్యాను రాలేదు. వాళ్ళలో ఒక్కరైనా ఆరోజు అద్దాల తలుపు వైపు చూడలేదు, కెజియా తప్ప.

సాయంత్రాలు సుగుణమ్మ అడిగేది.

“బోర్డు ఇచ్చారా?”

“ఇండెంటు నడుస్తంది.”

“నడిచి నడిచి ఎప్పుడొచ్చిద్దో చెప్పవే. నిన్న మళ్ళీ నీళ్ళు పోగొట్టుకున్నా.”

రాజధాని నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసి ల్యాబు దుమ్ము దులపడానికి తలుపులు తీశారు. గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్ళిన పిల్లల్లో కెజియా ఉంది. బీరువా తీసి ఉంది. బోర్డు చేతిలోకి వచ్చింది. పక్కనే కంప్యూటరు. పిల్ల గుడ్డ కింద పడేసి, బోర్డును కంప్యూటరుకు తగిలించి, లైబ్రరీ పుస్తకంలో చదివి కంఠస్థం చేసిన నాలుగు లైన్లు టకటకా కొట్టింది. బోర్డు మీద చిన్న నీలి దీపం వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

ఎండాకాలం మొత్తంలో ఆ సంస్థలో జరిగిన సాంకేతిక కార్యక్రమం అదొక్కటే. కెజియాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ దీపం వెలిగిందంటే అమ్మ ఫోను మోగినట్టే. ఇంకొక్క గంట వదిలేస్తే చాలు.

“ఏందమ్మా ఇది? వెలుగుతుందేంది?” వెనక నాంచారయ్య గారి గొంతు నిజంగానే వణికింది. “స్టోర్సు రికార్డులో అది కొత్తది, వాడనిది అని ఉందే! ఇప్పుడు అది వాడింది అయిపోయిందిగదా. తనిఖీకొచ్చే దొరగారికి నేనేం చూపించేది?”

బోర్డు బీరువాలోకి పోయింది. కెజియాకు చార్జ్ మెమో వచ్చింది. అభియోగం: ‘ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా పనిచేయించుట.’

విచారణాధికారిగా ఫయాజ్‌ను వేశారు. ఆ సోమవారానికే వాడికి సూపరింటెండెంటు హోదా వచ్చింది.

“ఏరా ఫయాజూ, నీకు లెక్కలు చూపించింది నేను కాదంట్రా?” అంది కెజియా.

“విచారణ సమయంలో వ్యక్తిగత సంబంధాలను ప్రస్తావించరాదు,” అని గట్టిగా అని, తర్వాత వంగి గుసగుసగా, “అరవమాకే, సూపర్నెంటు వింటన్నాడు. తప్పు ఒప్పుకోమాక, ఒప్పుకోనని కూడా అనమాక. ఏదో ఒకటి రాసియ్యి” అన్నాడు.

కెజియా సంజాయిషీ రాయడానికి కూర్చుంది. మొదట ఉన్నదున్నట్టు రాసింది. అమ్మ, కుళాయి, ఇడ్లీ బండి, నీలి దీపం అన్నీ. చదువుకుంటే, ఇన్నాళ్ళూ బల్లలు మారుతూ తాను చదివిన ఏ కాగితంలాగానూ అది లేదు. ఎవరో పిల్ల రాసినట్టుంది. చించేసి మళ్ళీ రాసింది: ‘సదరు బోర్డు వెలిగిన మాట వాస్తవమే అయినప్పటికీ, అది నా ప్రమేయము వలననే వెలిగినదని ధ్రువీకరించుటకు తగిన ఆధారములు లభ్యము కాలేదు.’

కోదండపాణి గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివారు.

“చూశారా నాంచారయ్య గారూ? అంగీకరించిందా అంటే అంగీకరించింది. అంగీకరించిందా అంటే అంగీకరించలేదు. సుదీర్ఘ సర్వీసు ఉన్నవారికి గానీ అలవడని శైలి ఇది. ఇట్టి ప్రతిభను మనం శిక్షించుట భావ్యం కాదు, ప్రోత్సహించాలి.”

చార్జ్ మెమో ఎత్తేశారు. కెజియాకు ప్రమోషనిచ్చారు. మిగతా పిల్లలకు పంపే మెమోలు ఇకనుంచి ఆమే రాయాలని ఉత్తర్వు వచ్చింది. కెజియాకు సిగ్గేయాల్సింది. సంతోషం వేసింది. ఈ సంగతి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు గానీ, దాచి ప్రయోజనం లేదు. పిల్ల పుట్టాక ఒక ఆఫీసరు అంతమంది ముందు ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. బీరువాలోని నీలి దీపాన్ని ఎవరూ మెచ్చుకోలేదు కదా.

ఆ తర్వాత పిల్ల చేతికి పనికి లోటు లేదు. ఈలవేసినందుకు ఒకడికి మెమో, క్యాజువల్ లీవులో రెండో గ్లాసు నీళ్ళు తాగినందుకు ఇంకొకడికి మెమో. ‘పై విషయము పురస్కరించుకొని’ అని మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే వచ్చేసేది. ఇంట్లో సుగుణమ్మ బోర్డు సంగతి అడిగితే ‘వచ్చే వారం’ అనేది. సుగుణమ్మ కూడా అడగడం తగ్గించింది. బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్ళతో, “మా పిల్ల కింద పదిమంది పనిచేస్తన్నారు” అని చెప్పుకోవడం మొదలైంది. తల్లులను ఏమనగలం?

స్టైపెండు ఏమైందని ఎవరికైనా సందేహం రావచ్చు. నిక్షేపంగా వచ్చింది. భవిష్య నిధి, వృత్తిపన్ను, సంఘం చందా, రిటైరయ్యే సహోద్యోగుల శాలువాల చందా పోను బస్సు చార్జీలు మిగిలాయి. అందరూ ఒకే రోజు రిటైరవుతున్నారు కాబట్టి అందరి శాలువాలకూ అందరూ చందా ఇచ్చారు.

పదవీ విరమణ సభ ఘనంగా జరిగింది. అంత ఎండలోనూ పిల్లలందరికీ ఉన్ని శాలువాలు కప్పారు. మెడలో బంతిపూల దండ, చేతిలో గోడగడియారం. ఫయాజ్ మైకు పట్టుకుని, “ఇన్నేళ్ళ మా అనుబంధంలో” అని మొదలుపెట్టి నిజంగానే ఏడ్చేశాడు. కోదండపాణి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“కెజియా గారి నిష్క్రమణతో వెలితిపడిన స్థానాన్ని పూరించుట సంస్థకు దుస్సాధ్యం. వారి శేషజీవితం మనవలు, మనవరాళ్ళతో ప్రశాంతంగా గడవాలని ఆకాంక్షిస్తూ, వారి విజయం వెనుక ఉన్న మాతృమూర్తిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.”

పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టే చీర కట్టుకుని సుగుణమ్మ వేదిక ఎక్కింది. ఆవిడకూ ఒక దండ వేశారు. ఆ దండ మెడలో పడుతుండగా చేతిసంచీలో ఫోను మోగింది. మొత్తానికి మోగింది. ఆవిడ మైకు పక్కనే నిలబడి ఎత్తేసరికి పక్కింటి నాగేంద్రమ్మ గొంతు మైకులోంచి హాలంతా వినపడింది.

“అక్కా, ఏడున్నావే? నీళ్ళొస్తన్నాయి, మీ తలుపుకు తాళమేసుందే!”

సుగుణమ్మ మెట్ల వైపు ఒక అడుగు వేసింది. “సభామర్యాద” అని నాంచారయ్య గారు మెల్లగా చెయ్యి అడ్డం పెట్టారు. ఇంకా వందన సమర్పణ ఉంది. దాని తర్వాత గ్రూపు ఫోటో. అంతా అయి, తల్లీ కూతుళ్ళు ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి కుళాయి బుస్సుమంటూ గాలి వదులుతోంది. సుగుణమ్మ ఖాళీ డ్రమ్మును ఒకసారి తట్టి చూసి, మెడలో దండ తీసి దాని మీదే పెట్టింది.

బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. పథకంలో డబ్బు మిగిలింది, మిగిలిన డబ్బు వెనక్కి పోతే సంస్థ పరువు పోతుంది. రిటైరైన అనుభవజ్ఞులను సలహాదారులుగా తీసుకోవడం ప్రభుత్వంలో ఉన్నదే. కోదండపాణి గారు కెజియాను పిలిపించి, గది ఇచ్చి, తలుపుకు ‘సాంకేతిక సలహాదారు’ అని బోర్డు తగిలించారు. ఆ గదిలో ఫ్యాను ఉంది.

మొదటిరోజే అభిప్రాయం కోసం ఒక ఫైలు వచ్చింది. ఎన్నో బల్లల మీదుగా, ఎన్నో సంతకాలు మోసుకుంటూ ఆయాసపడి వచ్చిన ఫైలు. ‘సదరు పరికరము గూర్చి ఈ కార్యాలయమున తెలిసినవారు లేనందున సాంకేతిక సలహాదారు వారి పరిశీలనకు.’ అట్ట తిప్పితే అడుగున తన ఇండెంటు. తన చేతిరాతే. ‘మా అమ్మకు నీళ్ళు వచ్చినట్టు తెలియడానికి ఒక బోర్డు కావాలి సార్.’

ఇవ్వవచ్చు అని రాసి కింద సంతకం పెడితే సాయంత్రానికి బోర్డు ఇంట్లో ఉంటుంది. కెజియా పెన్ను తీసింది. అప్పుడు కాగితాన్ని ఇంకోసారి చదివింది, సలహాదారు చదవాల్సినట్టు. ఇండెంటు ప్రొబేషన్‌లో ఉండగా పెట్టినది. పైన విషయము, సూచిక రాయలేదు. ‘సార్’ అని ముగించారు, అది ఆఫీసు పద్ధతి కాదు. పెట్టిన ఉద్యోగి ఇప్పుడు రిటైరైంది, రిటైరైన వారికి స్టోర్సు సామాను ఇవ్వకూడదు. అదీగాక తన ఇండెంటు తానే మంజూరు చేసుకుంటే ఆడిట్ వారు ఏమంటారు? వెతికేకొద్దీ లోపాలు దొరికాయి. లోపం దొరికినప్పుడల్లా ఆ పిల్లకు కాస్త హాయిగా అనిపించింది.

‘దరఖాస్తుదారు పదవీ విరమణ చేసినందున తదుపరి చర్య అవసరము లేదు. ఫైలు మూసివేయవచ్చును’ అని రాసింది. అందమైన సంతకం పెట్టింది. కోదండపాణి గారు చూసి, “నిష్పక్షపాతం అంటే ఇది” అన్నారు.

ఇంటికి వచ్చేసరికి సుగుణమ్మ బండి తీయలేదు. కుళాయి ముందు ముక్కాలిపీట వేసుకుని, పక్కన ఖాళీ బిందెలు పెట్టుకుని కూర్చుని ఉంది.

“బోర్డు సంగతి ఏమైందే కెజియా? ఇప్పుడు నీకే గది ఇచ్చారంటగా. ఇంకేం అడ్డం?”

“పరిశీలనలో ఉందమ్మా.”

సుగుణమ్మ తలెత్తి చూసింది. కూతురు తన వైపే తిరిగి ఉంది గానీ, చూపు మాత్రం వెనక గోడ మీద ఉంది. ఆ ముఖాన్ని సుగుణమ్మ ఎరుగును. మున్సిపల్ ఆఫీసులో ఎన్నిసార్లు చూసిందో.

ఆవిడ పీటను కుళాయికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని కూర్చుంది.